భీమశంకరరావు గారి కారులో సౌండు

భీమశంకరరావు గారికి కారులో సౌండు వినిపించేది. కారన్నాక సౌండు రాకుండా ఎలా ఉంటుందంటారేమో. ఆయనకు వినిపించే సౌండు ఈ భూమ్మీద ఇంకెవరికీ వినిపించేది కాదు, అదీ విశేషం. కారు అమ్మినవాళ్లకు వినిపించలేదు. ఇన్సూరెన్సు వాళ్లకు వినిపించలేదు. పక్కనే ముందు సీట్లో కూర్చునే ఆయన భార్య పద్మావతి గారికీ వినిపించలేదు. "వంటింట్లోంచి నేను గొంతు చించుకుని పిలిస్తే వినపడదు గానీ, మూడో గేర్లో ఏదో సన్నగా గీసుకుంటోందట, అది మాత్రం వినపడుతుందండీ మా మహానుభావుడికి!" అని ఆవిడ కనపడ్డ వాళ్లందరికీ చెప్పి తలకొట్టుకునేది.

ఆ సౌండు వల్ల అందరికన్నా ఎక్కువ నలిగిపోయినవాడు మెకానిక్ ఇద్రీస్.

విశాఖ వన్ టౌన్‌లో, రెండు ఆటోలు ఎదురుపడితే ఏదో ఒకటి వెనక్కి పోక తప్పని సందులో ఇద్రీస్ షెడ్డు ఉంది. అతని తండ్రి పెట్టిన షెడ్డు అది. ఇద్రీస్ చేతుల గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకునేవారు కాదు గానీ, చెవుల గురించి మాత్రం పోర్టు గేటు దాకా చెప్పుకునేవారు. కారు సందు మలుపు తిరుగుతుండగానే, ఇంకా బండి కనపడకుండానే, "వాటర్ పంపు" అనేవాడు. బానెట్ ఎత్తి చూస్తే వాటర్ పంపే. పక్కన టీ కొట్టు నడిపే అబ్బులు ఈ విద్యను సర్కస్ ఆటలా ప్రచారం చేసేవాడు. "ఉండండి, టీ సల్లారిపోయినా పర్నేదు, ఇప్పుడొచ్చే బండికేటి రోగమో మా బావ సెప్తాడు, ఇనండి" అని జనాన్ని నిలబెట్టేవాడు.

అలాంటి చెవులున్న మనిషి దగ్గరికి ఒకరోజు భీమశంకరరావు గారు తన చిన్న తెల్ల కారు వేసుకొచ్చారు. గోదావరి జిల్లా నుంచి కుర్రతనంలో వచ్చి పోర్టులో క్రేన్ల సెక్షన్లో చేరి, అక్కడే రిటైరైన మనిషి. ఇన్నేళ్లు విశాఖలో ఉన్నా మాటలోంచి గోదావరి పోలేదు.

"ఏవండీ ఇద్రీస్ గారూ, ఓ సౌండు వస్తోందండి."

"ఎలా వస్తంది సార్?"

భీమశంకరరావు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "ఎలాగంటే... అప్పడం విరిచినట్టుంటుందండి. మన గదిలో కాదు. పక్క గదిలో. తలుపేసి."

ఇద్రీస్ ఇంజిన్ స్టార్టు చేసి విన్నాడు. ఆపి విన్నాడు. పెద్ద స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజిన్‌కి, ఇంకో కొస చెవికి ఆనించి, డాక్టరు గుండె చూసినట్టు నాలుగు మూలలా విన్నాడు. ఇంజిన్ హాయిగా తిరుగుతోంది.

"ఏటీ నేదు సార్."

"ఇక్కడ రాదు కదండీ. కేజీహెచ్ డౌన్లో వస్తుందండి. అదీ, వెనక సీట్లో బరువుంటేనే."

సరే, అదీ చూద్దామని ఇద్రీస్ వెనక సీట్లో ఎక్కాడు. కేజీహెచ్ డౌన్ పైకీ కిందకీ తిరిగారు. ఏ సౌండూ లేదు. భీమశంకరరావు గారు అద్దంలోంచి అతన్ని జాలిగా చూశారు. "మీరు బక్కగా ఉన్నారండి. బరువు చాల్లేదు" అన్నారు.

ఆ వారం ఇద్రీస్ కారు కింద ఉన్న బుష్‌లన్నీ బిగించాడు. డ్యాష్‌బోర్డు ఊడదీస్తే లోపల పద్మావతి గారి తలపిన్ను ఒకటి, ఎండిపోయిన వేరుశెనగ గింజ ఒకటి దొరికాయి. దొంగ దొరికాడని సంబరపడి రెండూ కాగితంలో చుట్టి భీమశంకరరావు గారి చేతిలో పెట్టాడు. పై వారం ఆయన మళ్లీ వచ్చారు.

"అప్పడం పోయిందండి. చాలా థాంక్సండి. ఇప్పుడు గాజులు సర్దుకున్నట్టు వస్తోంది."

"ఎక్కడ సార్?"

"మద్దిలపాలెం జంక్షన్ దాటాకండి."

ఆ గాజుల సంగతి తేలకముందే ఇంకొకటి వచ్చింది. "ఎవరో ముసలాయన గొంతు సవరించుకోబోయి, ఎందుకొచ్చిందిలే అని మానేసినట్టు" ఉంటుందట. అది నెలకోసారి, ఎలమంచిలి రోడ్డులో మాత్రమే వస్తుందట.

ఇద్రీస్‌ను నిజంగా కలవరపెట్టింది ఈ సౌండ్లు కాదు. ఎంత వెతికినా ఏమీ దొరకలేదని చెప్పినప్పుడు మామూలు మనిషి విసుక్కుంటాడు, వేరే మెకానిక్ దగ్గరికి పోతాడు. భీమశంకరరావు గారు మాత్రం ముఖం వెలిగిపోయి, "ఆయ్, మీక్కూడా దొరకలేదన్నమాట! అయితే చూస్తూ ఉండాలండి మరి" అని, పరీక్ష పాసైన కుర్రాడిలా హుషారుగా కారెక్కి వెళ్లిపోయేవారు. పైగా దారిలో కనపడ్డ వాళ్లకల్లా, "ఇద్రీస్ గారి వల్లే కాలేదండి!" అని గర్వంగా చెప్పేవారు.

ఆ మాట వన్ టౌన్‌లో ఊరికే ఉంటుందా? టీ కొట్టు దగ్గర ప్రచారం తిరగబడింది. "బావకి సెవుల్లో ఏదో తేడా వచ్చిందిరా" అని అబ్బులు చాలా బాధగా, అందరికీ వినపడేలా అన్నాడు. అప్పట్నుంచి షెడ్డుకొచ్చేవాళ్లు ఇద్రీస్‌తో గట్టిగా మాట్లాడటం మొదలెట్టారు. ఒకతను ఏకంగా చేతులు ఊపి, "బ్రేకు! బ్రే...కు!" అని సైగలు చేసి చూపించాడు.

ఇంట్లోనైనా ప్రశాంతంగా రొట్టె తిందామంటే, భార్య మహబూబున్నీసా కూర వడ్డిస్తూ మామూలుగా అడిగింది.

"ఆ పోర్టు సార్ కారులో సౌండు ఇంకా దొరకలేదా మీకు?"

"ఉంటే కదా దొరకడానికి! లేదు. కసమ్, ఒట్టు, లేదు."

"ఉంది" అంది ఆవిడ.

ఇద్రీస్ చేతిలో ముక్క చేతిలోనే ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

"నాకూ వినపడింది. సన్నగా ఉంటుంది. ఇంకొంచెం కూర వెయ్యనా?"

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. మర్నాడు షెడ్డు తాళం వేసి, ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, సౌండు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఇద్రీస్ అన్నిటికీ నొక్కాడు. మధ్యలో ఒకసారి ఊరికే నొక్కితే, అదేమిటని అడిగారు. "మీ ఏసీ బేరింగు పోతంది సార్, చూపించుకోండి" అన్నాడు.

డాక్టరు కాగితం చూసి, "మీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. అసలు మీకేమిటి కష్టం?" అన్నాడు.

"ఒక సౌండ్ వినపడట్లేదు సార్."

"ఏ సౌండు?"

"లేని సౌండ్ సార్."

డాక్టరు పెన్ను మూత పెట్టి, తనకు తెలిసిన ఇంకో డాక్టరు ఉన్నారని, ఆయన చెవులు చూడరు, మనసు చూస్తారని, చాలా మృదువుగా చెప్పాడు.

ఇలా ఉండగా ఒక శనివారం ఉదయం ఇద్రీస్ టీ గ్లాసు పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు. సందు చివర భీమశంకరరావు గారి ఇంటి దగ్గర కారు స్టార్టయింది. గలగలగలగల! డబ్బాలో బోల్టులు పోసి ఊపినట్టు. అబ్బులు కొట్టు ముందు పడుకున్న మేకలు లేచి పరుగెత్తాయి. ఇద్రీస్ చేతిలో గ్లాసు జారిపోయింది.

"టైమింగ్ చెయిన్!" అని అరిచాడు. "యా అల్లా, వచ్చింది! సౌండ్ వచ్చింది!"

కారు వచ్చి ఆగేలోపే ఎదురెళ్లి, బానెట్ మీద చెంప ఆనించి, తప్పిపోయిన మేనల్లుడు దొరికినట్టు దాన్ని కావలించుకున్నాడు. "సార్, దొరికింది సార్! విన్నారా? ఇదే!"

భీమశంకరరావు గారు అద్దం దించి అమాయకంగా చూశారు. "ఏదండీ?"

"సౌండ్ సార్!"

"నాకేం వినపడట్లేదండి."

"గలగలా అంటంది సార్! అబ్బులూ, నీకినపడతందా?"

"మాయమ్మకి ఇనపడతాది బావ, పెందుర్తిలో ఉంది" అన్నాడు అబ్బులు.

భీమశంకరరావు గారు కొంచెం ఆలోచించి, తల అడ్డంగా ఊపారు. "అయ్యుండొచ్చండి. కానీ నేను చెప్పిన సౌండు ఇది కాదు. నాది సన్నగా ఉంటుందండి."

ఇద్రీస్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాడు. "ఇంజిన్లో కింద పిస్టన్లుంటాయి, పైన వాల్వులుంటాయి సార్. పిస్టన్ పైకొచ్చే టైముకి వాల్వు తప్పుకోవాల. ఎవరెప్పుడు రావాలో, ఎవరెప్పుడు తప్పుకోవాలో చూసుకునేది ఈ చెయిన్. మన సందులో ఆటోలు ఒకదానికొకటి దారిచ్చుకుంటాయి సూడండి, అలాగ. మీరు మరీ మెల్లగా, ఆగి ఆగి, ఊరంతా వింటా తిరుగుతారు కదా, చెయిన్ సాగిపోయింది. ఒక్క పన్ను దూకిందంటే రెండూ గుద్దుకుని ఇంజిన్ ముక్కలైపోతాది. ఈ చెయిన్ మార్చకుండా బండి కదలకూడదు."

"ఎన్నాళ్లు పడుతుందండి?"

"సామాను చెన్నై నుంచి రావాల. ఇంజిన్ ముందు భాగమంతా విప్పాల. వారం అనుకోండి."

భీమశంకరరావు గారి ముఖం పాలిపోయింది. "కుదరదండి. మధ్యలో మంగళవారం ఉంది."

"మంగళవారం ఏటుంది సార్?"

"సౌండుందండి."

ఇద్రీస్ మెల్లగా వెళ్లి పాత టైరు మీద కూర్చున్నాడు. సౌండు బాగు చేయించుకుంటే సౌండు వినడం కుదరదని బాధపడే మనిషిని అతను జీవితంలో చూడలేదు. అయినా పని పనే. లేచి వెళ్లి, తాళం తీసి తన జేబులో వేసుకుని, పైన చెయ్యి పెట్టుకున్నాడు. "సంపినా ఇవ్వను సార్."

భీమశంకరరావు గారు సందు మలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చారు. గొంతు తగ్గించి అడిగారు. "పోనీ, ఈ వారానికి మీ దగ్గర వేరే కారేదైనా ఉంటే ఇప్పిస్తారా? సౌండొచ్చేది."

"సౌండొచ్చే కారా?"

"ఆయ్. సన్నగా వచ్చినా చాలండి."

మంగళవారం నాటికి ఇంజిన్ ముందు కవరు ఊడింది. చెయిన్ ఉతికి ఆరేసిన పంచెలా వేలాడుతోంది. దాన్ని బిగుతుగా పట్టి ఉంచాల్సిన పట్టీలు అరిగి ఆకుల్లా అయ్యాయి. ఇన్నాళ్లు ఈ బండి ఎలా నడిచిందా అని ఇద్రీస్ ఆశ్చర్యపోతుంటే, కర్ర టకటకలాడించుకుంటూ గంగాలమ్మ వచ్చింది. ఒకప్పుడు నెత్తిన గంప పెట్టుకుని ఈ సందులన్నిట్లో చేపలమ్మిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు పోయాయి గానీ నోరు పోలేదు. ఎవరైనా జాలిపడి చెయ్యి అందించబోతే ఆ చెయ్యి మీద కర్రతో ఒక్కటేసే రకం.

"ఏటి బావూ, పోర్టు బావు కారు కోసేసినావట?"

"చెయిన్ మారుత్తన్నానమ్మా."

"నానిన్న సౌండు దానిదేనా?"

ఇద్రీస్ స్పానరు కింద పెట్టాడు. "నువ్వు... విన్నావా?"

"ఇన్నావా ఏటి, ఎర్రి బావు! వారం వారం ఎనక సీట్లో కూకుని ఇంతన్నాను గదా! పాపం ఆయనొక్కడూ ఏటి సేత్తాడు? బండి నడుపుతాడా, సౌండు ఇంటాడా? 'గంగాలమ్మా, నీవి పాము సెవులు, ఎనకాల బరువు కూడా కావాల, కాస్త సాయం పట్టు' అని కాళ్లా యేళ్లా పడ్డాడు. పోన్లే, ఆడి కర్మ, సాయం అడిగితే కాదనకూడదని ఎక్కుతన్నాను."

"ఎక్కడి దాకా?"

"ఆ సౌండు కేజీహెచ్ డౌన్లోనే గదా వచ్చీది! నాకెలాగూ ఆసుపత్రిలో మోకాలికి కరెంటు పెట్టించుకునే పనుంటాది, అక్కడ దిగిపోతాను. మల్లీ దిగొచ్చినప్పుడు ఇంకో రకం సౌండు వత్తాదని, ఆయన అక్కడే గేటుకాడ కాసుక్కూకుంటాడు. ఏటి పిచ్చో ఏటో. నానే లేకపోతే ఆ కారు ఎప్పుడో సచ్చును."

ఇద్రీస్ ఇంకో మాట అడిగేలోపు సందులోకి ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి భీమశంకరరావు గారు దిగారు. చొక్కా తడిసిపోయి ఉంది.

"గంగాలమ్మా, నువ్విక్కడున్నావా! దేవుడిలా దొరికావు. ఈ ఆటోలో ఏదో సౌండొస్తోంది. కాస్త విని పెట్టాలి."

ఆటోడ్రైవరు గోపికి రోషం వచ్చింది. "నా బండిలో సౌండేటండి! మొన్ననే సర్వీసింగ్ సేయించాను!"

"నీకు వినపడదు బాబూ. వెనక బరువుంటే గానీ రాదు."

"ఆటోలో రాని సౌండేటుంటాది బావూ?" అంది గంగాలమ్మ అనుమానంగా.

"అందుకే నువ్వు కావాలి! అన్ని సౌండ్లలో ఆ ఒక్కటీ ఏరి పట్టుకోవడం మామూలు చెవులవల్ల అవుతుందా?"

గంగాలమ్మ గర్వంగా కొంగు బిగించి ఆటో ఎక్కింది. గోపి తన బండి పరువు గురించి గొణుక్కుంటూ స్టార్టు చేశాడు. భీమశంకరరావు గారు ముందు గోపి పక్కన సగం సీటు మీద వేలాడుతూ వెళ్లిపోయారు.

ఇద్రీస్ విప్పిన ఇంజిన్ ముందు అలాగే నిలబడిపోయాడు. సాయంత్రం నరసింహమూర్తి మాస్టారు వచ్చారు. కంటి ఆపరేషన్ అయ్యాక రోడ్డు దాటడమంటే ఆయనకు లోపల వణుకు, పైకి మాత్రం ఒప్పుకోరు. "నాయనా ఇద్రీస్, శంకరం గారి వాహనం ఎప్పటికి సిద్ధమవుతుంది? మద్దిలపాలెంలో ఆ శబ్దాన్ని ఈ వారం ఎవరూ పరిశీలించలేదు" అన్నారు. శబ్దం సరిగ్గా మద్దిలపాలెంలో ఎక్కడ వస్తుందని ఇద్రీస్ అడిగాడు. "అదే విచిత్రం నాయనా! ఖచ్చితంగా నా చదరంగం మిత్రుడి ఇంటి గుమ్మం ముందు!" అన్నారు మాస్టారు, ప్రకృతి రహస్యం చెబుతున్నట్టు.

ఆయన వెళ్లాక ఇద్రీస్ చేతులు తుడుచుకున్నాడు. కేజీహెచ్ డౌన్‌లో గంగాలమ్మ. మద్దిలపాలెంలో మాస్టారు. మరి ఎలమంచిలి రోడ్డులో నెలకోసారి గొంతు సవరించుకోబోయే ముసలాయన ఎవరి కోసం?

ఎలమంచిలిలో తనకు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. మహబూబున్నీసా అక్క నర్గీస్.

షెడ్డు రేకు దించి ఇంటికి నడిచాడు. మహబూబున్నీసా బియ్యం ఏరుతోంది.

"నువ్వూ ఎక్కావా ఆ కారు?"

ఆవిడ తలెత్తలేదు. "ఎక్కాను. పద్మావతి గారు ముందు, నేను వెనక."

"సౌండ్ వినడానికా!"

"మొదటిసారి పిచ్చోడనుకున్నా. రెండోసారి అర్థమైంది. మూడోసారి నుంచి నాకూ సౌండు వినపడింది."

ఇద్రీస్ చెప్పులు విడిచి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"అక్కకి ఒంట్లో బాగోలేదు, చూసొద్దాం అని మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగాను? రేపు అన్నారు. పై ఆదివారం అన్నారు. ఊళ్లో వాళ్ల కార్లన్నీ మీ షెడ్డులో ఉంటాయి, మన గుమ్మం ముందుకి ఒక్కటీ రాదు. ఒకసారి బస్సు కోసం నిలబడి ఉంటే ఆయన ఆపాడు. 'అమ్మా, ఓ సౌండు వస్తోంది, మీ ఆయన మెకానిక్ కదా, మీకూ కొంచెం తెలుస్తుందేమో' అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ముఖం చూడాలి మీరు. లిఫ్టు ఇస్తానంటే నేను ఎక్కనని ఆయనకి తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు? డాక్టరు దగ్గరికి కూడా వెళ్లానే!"

"చెప్తే ఏం చేసేవారు? షెడ్డు ముందు నిలబెట్టి, నలుగురిలో చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పేవారు. అంతే. రేపట్నుంచి గంగాలమ్మ ఎక్కుతుందా ఆ కారు? మాస్టారు ఎక్కుతారా? పద్మావతి గారు ఊరంతా మొగుణ్ణి తిట్టుకుంటూ తిరిగేది ఎందుకనుకున్నారు? ఆవిడ అలా తిడితేనే కదా జనం నమ్మేది."

ఇద్రీస్ మెల్లగా అడిగాడు. "మరి నా దగ్గరికెందుకు తెచ్చేవాడు, లేని సౌండు?"

"గంగాలమ్మ ఊరుకుంటుందా? 'మెకానిక్కి సూపించినావా' అని పీక మీద కూర్చుంటుంది. ఊళ్లోకల్లా గొప్ప చెవులవాడికే దొరకలేదంటే ఇంక ఎవరూ అడగరు."

ఇన్నాళ్లు తన చెవుల కీర్తి ఏ పనికి వచ్చిందో తెలిసి, ఇద్రీస్‌కు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. అన్నం మాత్రం ఆ పూట రెండుసార్లు పెట్టించుకున్నాడు.

సామాను వచ్చింది. కొత్త చెయిన్, కొత్త పట్టీలు, దాన్ని బిగువుగా నొక్కి ఉంచే కొత్త టెన్షనరు. కిందా పైనా పళ్లచక్రాల మీది గుర్తులు కలిపి, చెయిన్ ఎక్కించి, చేత్తోనే ఇంజిన్ తిప్పి చూసి, గుర్తులు మళ్లీ కలిశాయని తేలాకే కవరు మూశాడు. పై మంగళవారం ఉదయం భీమశంకరరావు గారు వచ్చి తాళం తిప్పారు.

"స్టార్టవలేదండి."

"అయింది సార్."

"అయిందా?" ఆయన స్టీరింగు మీద చెయ్యి వేసి చూశారు. నిజంగానే అయింది. ఇంజిన్ నిద్రపోతున్న పసిపిల్లలా ఉంది. ఆయన ముఖం మాత్రం దుకాణం కట్టేసినట్టయింది. ఇద్రీస్‌ను పక్కకు పిలిచి, "మరీ ఇంత నిశ్శబ్దమైతే ఎలాగండీ? ఎక్కడైనా ఓ నట్టు కొంచెం వదులు చెయ్యడానికి వీలుందా?" అన్నారు.

ఇద్రీస్ జవాబు చెప్పేలోపే అబ్బులు కేక పెట్టాడు. "ఓలమ్మ గంగాలమ్మా, ఇలా రా! మా బావ సేతిలో పడీసరికి సౌండు సచ్చి ఊరుకుంది! సెవెట్టి సూడు!"

టీ కొట్టు దగ్గరున్న జనమంతా మూగారు. గంగాలమ్మ కర్ర మీద వాలి, తల పక్కకు వంచి విన్నది. మళ్లీ విన్నది.

"నిజమే. పోయింది" అంది. కాసేపు కారు వంక చూసింది. "మంచిదే బావూ. నీ పీడ వదిలింది. ఇంక నాతో పనేటుంది? నాను ఆటో సూసుకుంటాను."

వెనక్కి తిరిగి నడవడం మొదలెట్టింది. భీమశంకరరావు గారు నోరు తెరిచారు. "అదికాదు గంగాలమ్మా, అదీ..." అని ఆగిపోయారు. అప్పడాలు, గాజులు, ముసలాయన గొంతు, అన్నీ ఎక్కడికి పోయాయో గానీ, అంతమంది ముందు ఒక్క సౌండు కూడా నోటికి రాలేదు. గంగాలమ్మ కుడికాలు ఈడ్చుకుంటూ సందు మలుపు వైపు పోతోంది.

"ఆగమ్మా!" అన్నాడు ఇద్రీస్.

బానెట్ ఎత్తాడు. పెద్ద స్క్రూడ్రైవరు తీసి ఇంజిన్‌కి ఆనించి, కొస చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. సందంతా ఊపిరి బిగబట్టింది.

"ఉంది" అన్నాడు.

"ఏటుంది బావ?" అన్నాడు అబ్బులు.

"సౌండ్. సన్నగా."

"నాకేటీ ఇనపడ్నేదే!"

"నీకినపడదు. కొత్త చెయిన్ కదా, సర్దుకోవాల. ఎనక సీట్లో బరువు లేకపోతే సర్దుకోదు."

"ఎన్నాళ్లు?" అని అడిగింది గంగాలమ్మ, మలుపు దగ్గర్నుంచే.

"సెప్పలేమమ్మా. ఏళ్లు పట్టొచ్చు."

గంగాలమ్మ మొత్తం సందును పిలిచి సాక్ష్యం పెట్టినట్టు కర్ర ఎత్తింది. "సూసినారా? నానెప్పుడో సెప్పినాను, ఈ ఇద్రీస్ బావుకి సౌండు సేతకాదని! కోసి, కుట్టి, మల్లీ మొదటికే తెచ్చినాడు!" అని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. జనం నవ్వారు. అబ్బులు సిగ్గుతో టీ కొట్టులోకి వెళ్లిపోయాడు. ఇద్రీస్ చెయిన్ మార్చినా సౌండు పోలేదన్న కబురు మధ్యాహ్నానికల్లా పోర్టు గేటు దాటుతుందని ఇద్రీస్‌కు తెలుసు. భీమశంకరరావు గారు అతని వంక చూశారు. అతను ఆయన వంక చూడకుండా బానెట్ మూశాడు.

"నువ్వూ ఎక్కు! నీ పని నువ్వే ఇను!" అంది గంగాలమ్మ. ఇద్రీస్ ఎక్కాడు.

కారు కేజీహెచ్ డౌన్ ఎక్కుతోంది. సగం దూరం వెళ్లాక గంగాలమ్మ మోచేత్తో పొడిచింది. "ఇన్నావా?"

"విన్నానమ్మా" అని అలవాటుగా అనబోయి, ఇద్రీస్ ఆగిపోయాడు. టక్. మళ్లీ, టక్. నిజంగానే ఉంది! ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ కవరు క్లిప్పు. తొందరలో తనే గట్టిగా నొక్కడం మరిచిపోయాడు. దానివల్ల బండికి వచ్చిన నష్టమేమీ లేదు. వంగి నొక్కితే పోతుంది.

"ఏదండీ? నాకేం వినపడలేదే!" అన్నారు భీమశంకరరావు గారు, పూర్తి నిజాయితీగా.

గంగాలమ్మ ఆసుపత్రి గేటు దగ్గర దిగి లోపలికి వెళ్లింది. ఆవిడ కనుమరుగయ్యాక భీమశంకరరావు గారు గొంతు తగ్గించి అడిగారు. "ఇద్రీస్ గారూ, నిజంగానే ఏదైనా ఉందంటారా?"

"ఉంది సార్. ఏం పర్లేదు. అలా ఉండనీయండి."

థాంక్స్ అన్న మాట ఇద్రీస్ నాలుక చివరిదాకా వచ్చింది. మహబూబున్నీసా ముఖం గుర్తొచ్చి, దాన్ని మింగేశాడు.

"సార్, ఈ ఆదివారం కారు నాకు కావాల."

"ఎందుకండీ?"

"ఎలమంచిలి రోడ్డులో సౌండ్ ఒకటుందన్నారు కదా. అది నానే స్వయంగా చూడాల."

భీమశంకరరావు గారి మీసం కింద ఏదో కదిలింది. తాళం తీసి, అప్పటికప్పుడే అతని చేతిలో పెట్టబోయి, ఒక అనుమానం వచ్చినట్టు ఆగారు.

"అలాగేనండి. కానీ అది బరువుంటేనే వస్తుంది మరి. మీ ఆవిడ గారిని వెనకాల కూర్చోబెట్టండి."

"లేదు సార్" అన్నాడు ఇద్రీస్. "ముందు కూర్చోబెడతాను."